గ్రానైట్ లోడుకు ఏ బండి బ్రేకు బలం?

ప్రశ్న: అన్నా, మాది పరకాల దగ్గర ఊరు. పదకొండేళ్లుగా కిరాయి డ్రైవర్‌గా నడుపుతున్నాను. ఇప్పుడు మా బావ, నేను కలిసి సెకండ్ హ్యాండ్‌లో ట్రైలర్ బండి కొందామనుకుంటున్నాం. పని ఎక్కువగా కరీంనగర్ నుంచి కాకినాడ పోర్టుకు గ్రానైట్ బ్లాకులు. అప్పుడప్పుడు నిర్మల్ ఘాట్ మీదుగా నాగపూర్ వైపు లోడ్లు. మూడు బండ్లు చూశాం: టాటా 4018, అశోక్ లేలాండ్ 4923, భారత్‌బెంజ్ 4928. వీటిలో దేని బ్రేకు బలమైనది? కంపెనీ పేరును బట్టే బ్రేకు అంటాడు బావ. లేలాండ్ అమ్మే ఆయన తన పాత ట్రైలర్ కూడా తక్కువలో ఇస్తానంటున్నాడు. దాని బ్రేకులు కొంచెం లూజుగా పెట్టించానని, అట్లుంటే టైర్లు ఎక్కువ కాలం వస్తాయని ఆయనే చెప్పాడు. చక్రాల బ్రేకు తొక్కకుండానే బండిని నెమ్మది చేసే రిటార్డర్ బిగించుకోమని ఇంకొకరు అన్నారు. అమ్మ బంగారం కుదువ పెట్టి అడ్వాన్స్ కడుతున్నాం. అందుకే టెన్షన్‌గా ఉంది. ఏది కొనాలో చెప్పు అన్నా.

సమాధానం: తమ్ముడూ, నువ్వు మాటల మధ్యలో మామూలుగా రాసేసిన సంగతి దగ్గరే నేను ఆగిపోయాను. ట్రైలర్ బ్రేకులు లూజుగా పెట్టించాడట, టైర్లు ఎక్కువ కాలం వస్తాయట. ఆ ట్రైలర్‌ను ఇప్పుడున్నట్టే తగిలిస్తే నువ్వు చూసిన మూడు బండ్లలో ఏదైనా ఒకటే, బ్రేకు సగం పోయినట్టే. అందుకే నువ్వు అడిగిన వరుస పక్కనపెట్టి ముందు ట్రైలర్ గురించే రాస్తున్నాను.

బండి మోడల్ నంబరు సంగతి నీకు తెలిసిందే. మొదటి రెండంకెలు టన్నులు, తర్వాతి రెండంకెల పక్కన సున్నా పెడితే హార్స్‌పవర్. 4018 అంటే 40 టన్నులు, 180 హార్స్‌పవర్. 4923 అంటే 49 టన్నులు, 230. 4928 అంటే 49 టన్నులు, 280. బండి ఎంత లాగుతుందో ఈ నంబరు చెప్తుంది. ఎంత దూరంలో ఆగుతుందో అందులో ఎక్కడా లేదు. ఆ సంగతి తెలియాలంటే బరువు ఏ ఇరుసు మీద ఎంత పడుతుందో చూడాలి. ఈ మోడళ్లు వచ్చినప్పుడున్న రూల్ ప్రకారం 4018కి ముందు ఇరుసు మీద 6 టన్నులు, వెనక ఇరుసు మీద 10.2, ట్రైలర్ మూడు ఇరుసుల మీద 24. మొత్తం 40.2 టన్నులు. అంటే నూటికి అరవై వంతుల బరువు ట్రైలర్ టైర్ల మీదే ఉంది. 4923, 4928 లాంటి 22 టైర్ల బండికైతే ముందు 6, వెనక రెండు ఇరుసుల మీద 19, ట్రైలర్ మీద 24, మొత్తం 49. ఇక్కడ కూడా దాదాపు సగం ట్రైలర్‌దే. ప్రతి చక్రం తన మీదున్న బరువును తానే ఆపుకోవాలి. ట్రైలర్ చక్రాలు ఆ పని మానేస్తే ఆ 24 టన్నులు కూడా ముందుండి లాగే బండి, అదే హార్స్, మెడ మీద పడతాయి.

ఎంత తేడా వస్తుందో అంకెల్లో చూపిస్తాను. ఐక్యరాజ్యసమితి వాహన నియమాల్లో 13వది బ్రేకుల గురించి. దాని ప్రకారం భారీ లారీ ఆర్‌సీలో ఉన్నంత బరువుతో, గంటకు 60 కిలోమీటర్ల వేగం నుంచి సుమారు 37 మీటర్లలో ఆగాలి. మన దేశపు ప్రమాణాలు కూడా దాన్ని అనుసరించి రాసుకున్నవే. ఏ కంపెనీ బండి అయినా ఈ పరీక్ష పాసవ్వాల్సిందే. మీ బావ అన్నట్టు బ్రేకు కంపెనీ పేరులో లేదని నేను చెప్పేది ఇందుకే. కొత్తగా ఉన్నప్పుడు ఈ మూడు బండ్ల మధ్య తేడా తక్కువ.

ఇప్పుడు అదే వేగంలో, అదే బరువుతో ట్రైలర్ బ్రేకులు పూర్తిగా పని చేయలేదనుకో. 22 టైర్ల బండి ఆగడానికి సుమారు 64 మీటర్లు పడుతుంది. 4018కి 78 మీటర్లు. ఇది పెడల్ తొక్కాక పట్టే దూరం. అడ్డం వచ్చింది చూసి కాలు పెడల్ మీదికి వెళ్లేలోపు పోయే ఒకటిన్నర సెకన్లలో బండి ఇంకో 25 మీటర్లు పోతుంది. మన ఊళ్ల మధ్య రోడ్డు మీద వంద మీటర్లు ముందు ఏముంటుందో నీకు నేను చెప్పాలా? యాసంగి కోతలప్పుడు సగం రోడ్డు మీద వడ్లు ఎండబోసి ఉంటాయి. మిగతా సగంలో ఎదురు బండి వస్తుంటుంది. గింజల మీద టైరుకు పట్టు కూడా ఉండదు.

నేను వరంగల్‌లో ముప్పై ఏళ్లుగా ఎయిర్ బ్రేకుల పని చేస్తున్నాను. ఈ విషయంలో నేను చేసిన తప్పు ఒకటి నీకు చెప్పాలి. చాలా ఏళ్ల కింద ఒక ఓనరు వచ్చి, ట్రైలర్ టైర్లు ఒకే చోట అరిగిపోతున్నాయి, బ్రేకు బిగువు సరిచేసే స్లాక్ అడ్జస్టర్లు నాలుగు మలుపులు వెనక్కి తిప్పమన్నాడు. తెలిసిన మనిషి, రోజూ పని ఇచ్చే మనిషి. కాదనలేక తిప్పాను. నెల తిరక్కుండానే ఆ బండి ఎల్కతుర్తి దాటాక వడ్ల కుప్ప దగ్గర గట్టిగా బ్రేకు కొట్టింది. హార్స్ ఆగింది, ట్రైలర్ ఆగలేదు. వెనక నుంచి నెడుతుంటే హార్స్ పక్కకు తిరిగి రోడ్డుకు అడ్డం పడింది. క్లీనర్ పిల్లవాడి కాలు విరిగింది. వాడికి అప్పుడు పంతొమ్మిదేళ్లు. ఆ రోజు నుంచి ఎవరు అడిగినా ట్రైలర్ బ్రేకు లూజు చేయలేదు. చేయమని వచ్చిన వాళ్లను కూర్చోబెట్టి ఆ పిల్లవాడి సంగతి చెప్తాను.

టైర్లు ఒకే చోట అరగడానికి కారణం బ్రేకు టైట్‌గా ఉండటం కాదు. ఖాళీగా వచ్చేటప్పుడు చక్రం లాక్ అయి జారుతుంది, అక్కడ అరుగుతుంది. దానికి మందు చక్రం లాక్ కాకుండా చూసే ఏబీఎస్, లోడును బట్టి గాలి తగ్గించే వాల్వ్. 2015 తర్వాత వచ్చిన భారీ లారీలకు ఏబీఎస్ ఉంటుంది. ట్రైలర్‌కు ఉందా, ఉంటే దాని కేబుల్ తగిలించి ఉందా అన్నది నువ్వే వంగి చూడాలి. చాలా బండ్లలో ఆ ప్లగ్గు గాల్లో వేలాడుతూ కనిపిస్తుంది.

ఇక బండ్ల సంగతి. ముందు నీ లోడు లెక్క వేద్దాం. గ్రానైట్ ఒక ఘనపు మీటరుకు సుమారు 2.7 టన్నులు తూగుతుంది. మూడు మీటర్ల పొడవు, 1.8 వెడల్పు, 1.5 ఎత్తు ఉన్న బ్లాకు దగ్గర దగ్గర 22 టన్నులు. 4018లో హార్సు, ట్రైలర్ సొంత బరువు పోతే సరుకుకు మిగిలేది పాతిక టన్నుల చుట్టుపక్కల. అంటే అలాంటి బ్లాకు ఒక్కటే. క్వారీలో నీకు ఒక్క బ్లాకు వేసి పంపుతారా తమ్ముడూ? రెండు పెడతామంటారు, కిరాయి కూడా రెండింటికే గిట్టుబాటు అవుతుంది. రెండు పెడితే 4018 మొత్తం బరువు 59 టన్నులకు పోతుంది. 40 టన్నులకు చేసిన బ్రేకు మీద 59. అన్నీ కొత్తగా, చల్లగా ఉన్నా 60 వేగం నుంచి ఆగడానికి 37 మీటర్లు కాస్తా 50 అవుతుంది. అందుకే 4018ని నీ లిస్టులోంచి కొట్టేయమంటాను. బండి మంచిదే, నీ పనికి చిన్నది. వడ్లు, సిమెంటు, ఇనుము తోలేవాళ్లకు అది సరిపోతుంది.

22 టైర్ల బండ్లలో కూడా రెండు పెద్ద బ్లాకులు ఎక్కించొద్దు. ఒక పెద్ద బ్లాకు, దానికి తోడు పది టన్నుల చిన్నది, అక్కడితో ఆపు. 2018లో కేంద్రం ఇరుసు బరువులు పెంచింది, 49 కాస్తా 55 అయిందని ఎవరైనా అంటారు. నీ ఆర్‌సీలో ఎంత రాసి ఉందో అంతే నీ లెక్క. రూల్ మారినంత మాత్రాన పాత బండి బ్రేకు డ్రమ్ము పెద్దది కాదు. ప్రతి లోడూ బయలుదేరే ముందు కాంటా వేయించు. క్వారీ వాళ్లు చెప్పిన కొలతను నమ్మొద్దు. బ్లాకుకు గొలుసులు వేసి, ముందుకు జరగకుండా అడ్డు కూడా పెట్టించు. బ్రేకు గట్టిగా పడితే రాయి ఆగదు, క్యాబిన్ వైపే వస్తుంది.

మిగిలింది 4923, 4928. మైదానం రోడ్డు మీద ఈ రెండింటికీ చక్రాల బ్రేకు ఇంచుమించు సమానం. రెండూ డ్రమ్ము బ్రేకులే, రెండూ గాలితో పని చేసేవే, ఇరుసులూ అన్నే. నిజమైన తేడా ఘాట్‌లో బయటపడుతుంది.

ఇది కొంచెం నిదానంగా చదువు. 40 టన్నుల బండి ఇరవై మీటర్లకు ఒక మీటరు దిగే వాలు మీద 30 కిలోమీటర్ల వేగంతో దిగుతోందనుకుందాం. ఆ వేగం పెరగకుండా పట్టుకోవడానికి దాదాపు 190 హార్స్‌పవర్ అంత శక్తిని బండి ఎక్కడో ఒకచోట మింగాలి. 49 టన్నులైతే 230. అంటే 4923 ఆ వాలు ఎక్కేటప్పుడు ఇంజిన్ మొత్తం బలం పెట్టి ఎంత మొత్తుకుంటుందో, దిగేటప్పుడు డ్రమ్ములు అంత పనీ చప్పుడు లేకుండా చేయాలి. ఆ శక్తి అంతా వేడి అవుతుంది. డ్రమ్ము వేడెక్కితే వ్యాకోచించి, లోపలి నుంచి దాన్ని ఒత్తే లైనర్‌కు దూరం జరుగుతుంది. లైనర్ కూడా వేడికి పట్టు తప్పుతుంది. పెడల్ ఎంత తొక్కినా బండి వినదు. గాలితో బ్రేకును తోసే చాంబర్ రాడ్డు చివరిదాకా వచ్చేసి ఉంటుంది, ఇంక తోయడానికి చోటు ఉండదు. ముందే లూజుగా పెట్టిన బ్రేకు అయితే ఆ చివర ఇంకా ముందే వస్తుంది. వాసన వచ్చేసరికి చాలా ఆలస్యం అయిపోతుంది.

అందుకే దిగేటప్పుడు చక్రాల బ్రేకు మీద భారం తగ్గించేది ఇంజిన్. ఎగ్జాస్ట్ బ్రేకు పొగ గొట్టాన్ని మూసి ఇంజిన్‌ను బిగపడుతుంది. అసలైన ఇంజిన్ బ్రేకు అయితే సిలిండర్‌లో నొక్కిన గాలిని వాల్వు తెరిచి వదిలేస్తుంది, పట్టు ఇంకా ఎక్కువ. రెండింటికీ ఇంజిన్ పెద్దదైతే, ఆర్‌పీఎం ఎక్కువుంటే బలం పెరుగుతుంది. భారత్‌బెంజ్ 4928 ఇంజిన్ 7.2 లీటర్లు. 4923ది ఆరు లీటర్ల చుట్టుపక్కల. మిగతావన్నీ సమానంగా ఉంటే ఘాట్ దిగేటప్పుడు పెద్ద ఇంజిన్ ఎక్కువ పట్టుకుంటుంది. నెలకు నాలుగుసార్లు నాగపూర్ వైపు పోయేవాడివైతే నా ఓటు 4928కే. ఎప్పుడో ఒకసారి పోతూ మిగతా కాలమంతా ఖమ్మం మీదుగా కాకినాడ తిరిగేవాడివైతే, రెండింట్లో ఏది బాగా చూసుకున్న బండి అయితే అది తీసుకో. స్పేర్ పార్టులు, రిపేరు ఖర్చు కూడా అడిగి తెలుసుకో. దారిలో రాత్రి ఆగిపోతే దగ్గర ఊళ్లో దొరికే సామాను ఏ బండిదో అది కూడా ముఖ్యమే.

బాగా చూసుకున్న బండి అని ఎట్లా తెలుస్తుంది అంటావా? బేరం మాట్లాడే ముందే ఒక పూట తీసుకో, బావను కూడా పిలువు. బండికి చక్రాల అడ్డు పెట్టించు, హ్యాండ్ బ్రేకు వదిలి, బావను పెడల్ తొక్కమను, నువ్వు కిందకు దూరి ప్రతి చాంబర్ రాడ్డు ఎంత బయటికి వస్తుందో టేపుతో కొలువు. గాలి మీటర్లో 90 నుంచి 100 పౌండ్లు ఉండాలి. మన లారీలకు ఎక్కువగా వాడే 30 సైజు మామూలు చాంబర్‌కు రాడ్డు రెండంగుళాలు దాటి రావొద్దు. దాటితే ఆ చక్రం అడ్జస్ట్‌మెంట్ పోయింది. ఆటోమేటిక్ స్లాక్ అడ్జస్టర్ ఉండి కూడా దాటుతోందంటే లైనర్లను డ్రమ్ముకు ఒత్తే ఎస్ క్యామ్ బుష్షులో, లైనర్లో, అడ్జస్టరులో ఏదో పాడైంది. చేత్తో టైట్ చేసి సరిపెట్టుకోకుండా కారణం వెతికించు. హార్సుకు మూడు ఇరుసులు, ట్రైలర్‌కు మూడు, మొత్తం పన్నెండు చాంబర్లు. ఒక్కటి కూడా వదిలిపెట్టొద్దు.

తర్వాత ఇంజిన్ ఆపి పెడల్ నొక్కి పట్టు. హార్సు, ట్రైలర్ కలిపి ఒక నిమిషంలో గాలి నాలుగు పౌండ్లకు మించి తగ్గకూడదు. అమెరికాలో భారీ బండ్ల డ్రైవర్లకు లైసెన్సు కోసం నేర్పే కొలత ఇది, నేను మన బండ్లకు కూడా ఇదే వాడతాను. బండి నిలబడి ఉన్నప్పుడు ట్రైలర్‌కు వెళ్లే ఎర్ర పైపు ఊడదీసి చూడు. ట్రైలర్ చక్రాలు వెంటనే బిగుసుకోవాలి. రోడ్డు మీద ఆ పైపు తెగితే ప్రాణం కాపాడేది అదే. బిగుసుకోకపోతే ఎమర్జెన్సీ వాల్వ్ పాడైందని అర్థం. గాలి ట్యాంకుల కింద డ్రైన్ తిప్పితే నీళ్లు, నూనె కలిసి బుడబుడా వచ్చాయంటే కంప్రెసర్ సంగతి కూడా చూడాలి.

ఇంకొక పరీక్ష ఉంది, చాలామంది చేయరు. ఖాళీ మైదానంలో బండిని పది కిలోమీటర్ల వేగంతో పోనిచ్చి ట్రైలర్ బ్రేకు ఒక్కటే వేసే హ్యాండ్ వాల్వ్ లాగు. ట్రైలర్ వెనక నుంచి గట్టిగా పట్టి లాగినట్టు నీ నడుముకు తెలియాలి. తెలియలేదంటే ట్రైలర్ నీకు బ్రేకు ఇవ్వట్లేదు. పదకొండేళ్లు నడిపినవాడివి, ఆ పట్టు ఎట్లుంటుందో మీటరు కన్నా నీ ఒంటికే బాగా తెలుసు.

ఆ పాత ట్రైలర్ తీసుకోవచ్చా అంటే, తీసుకోవచ్చు, ఒక షరతు మీద. చాసిస్‌కు, హార్సుకు తగిలించే కింగ్‌పిన్‌కు పగుళ్లు లేకుండా, ఇరుసులు వంకర లేకుండా ఉంటేనే. బ్రేకులన్నీ కొత్తగా చేయించే ఖర్చు ముందే లెక్కగట్టి, ఆ మొత్తం ధరలోంచి తగ్గించమని అడుగు. ఆయన తగ్గించనంటే వదిలేయ్. తక్కువలో వస్తుందని అమ్మ బంగారం మీద తెచ్చిన డబ్బుతో ఆ పనికి ఒప్పుకోవద్దు.

ఘాట్ గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. మన వైపు పాత డ్రైవర్లు డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో దించుతారు. నువ్వు కూడా ఎవరి దగ్గరో అట్లనే నేర్చుకుని ఉండొచ్చు. ఇప్పటి ఇంజిన్లలో గేర్లో ఉండి యాక్సిలరేటర్ వదిలితే డీజిల్ పూర్తిగా ఆగిపోతుంది. న్యూట్రల్‌లో అయితే ఐడిలింగ్‌కు డీజిల్ కాలుతూనే ఉంటుంది. అంటే మిగిలేదేమీ లేదు, పైగా ఇంజిన్ పట్టు మొత్తం పోతుంది. వాలు మొదలు కాకముందే గేరు తగ్గించు. ఎక్కేటప్పుడు వాడిన గేరు కన్నా ఒకటి కిందే వాడు. పెడల్ మీద కాలు అట్లనే ఆనించి దిగొద్దు. వేగం అనుకున్న దానికన్నా పెరిగితే గట్టిగా ఒకసారి తొక్కి తగ్గించు, వదిలెయ్, డ్రమ్ములను చల్లారనీయ్. మామూలు రోడ్డు మీద కూడా 60కి బదులు 40లో ఉంటే బ్రేకు మింగాల్సిన శక్తి సగం కూడా ఉండదు.

రిటార్డర్ అడిగావు. మంచి వస్తువే. రోజూ ఘాట్లు దిగే బండికి, ఘాట్ బస్సులకు అది వరం. కానీ పాత బండికి తర్వాత బిగించాలంటే ఖర్చు ఎక్కువ. ప్రొపెల్లర్ షాఫ్ట్ కోసి మార్చాలి, బరువు పెరుగుతుంది, వైరింగ్ పని వేరే. నీ దారిలో ఎక్కువ మైదానమే. ఆ డబ్బుతో ట్రైలర్ మూడు ఇరుసులకూ మంచి లైనర్లు, కొత్త ఆటోమేటిక్ స్లాక్ అడ్జస్టర్లు, బ్రేకులకు గాలి త్వరగా అందించే రిలే వాల్వ్, గాలి పైపులు వేయించు. అరిగి సైజు దాటిన డ్రమ్ములుంటే మార్పించు. బండి తెచ్చుకున్నాక మొదటి లోడు సగమే వేసుకుని పోయి, హుజూరాబాద్ దగ్గర ఆగి ఒక్కో హబ్బు దగ్గర చెయ్యి పెట్టి చూడు. పన్నెండింటిలో ఏదైనా మిగతావాటికన్నా చల్లగా ఉంటే ఆ చక్రం పని చేయట్లేదు. ఒక్కటే కాలిపోతుంటే అది పట్టేస్తోంది. ఏ చక్రమో గుర్తుపెట్టుకుని రాసి పంపు, ఏం చేయాలో చెప్తాను.